ఒక్కటిగా లెక్కపడిన ఊరు

ఆ పాత బ్రౌజర్‌ని వరనిసేసే తిట్టినంతగా సువా పట్నంలో ఇంకెవరూ తిట్టి ఉండరు. పదకొండేళ్ళుగా ఆమె ఉద్యోగంలో సగం దాన్ని బుజ్జగించడంతోనే సరిపోయింది. మిగతా బ్రౌజర్లలో కుదురుగా నిలబడే పెట్టెలు దీనిలో ఒకదానిమీద ఒకటి పడేవి. బటన్లు పేజీ అడుగుకి జారిపోయేవి. తేదీ ఎంచుకోవలసిన చోట తెల్లటి ఖాళీ మిగిలేది. అందరికోసం ఒక పూటలో చేసిన పనిని దీనికోసం మళ్ళీ రెండు రోజులు చేయాలి. మధ్యాహ్నం తక్కినవాళ్ళు రోటీ పొట్లాలు విప్పుకుంటుంటే ఆమె కుర్చీలోంచి లేవకుండా, ఇంకెన్నాళ్ళు బతుకుతావే అని తెరని అడుగుతూ ఉండేది.

కాబట్టి మే నెలలో, ఓడల కంపెనీలో కంప్యూటర్ పనులన్నీ చూసే రొనీల్, జూన్ ముప్ఫై తర్వాత మన వెబ్‌సైట్ పాత బ్రౌజర్లలో తెరుచుకోదు అని అందరికీ నోట్ పంపినప్పుడు మొదట సంతోషించవలసింది ఆమే. ఆమె ఆ నోట్ రెండుసార్లు చదివింది. రెండోసారి చదివేటప్పుడు చెవులు వేడెక్కాయి.

కంపెనీకి మూడు ఓడలున్నాయి. సువా నుంచి దూరపు దీవులకి మనుషుల్ని, సరుకుని చేరుస్తాయి. వరనిసేసే ఇరవై రెండేళ్ళ వయసులో సువాలోని వాలు బే జెట్టీ దగ్గర టికెట్ల కిటికీలో కూర్చుంది. ఎవరో విదేశీ మనిషి వెబ్‌సైట్ కట్టి, డబ్బు తీసుకుని వెళ్ళిపోయాక, అది చెడిపోయిన ప్రతిసారీ చూడడానికి ఎవరూ లేకపోయారు. నీకు టైపింగ్ వచ్చు కదా అని ఈమెకి అప్పగించారు. ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఒక చోట మార్చి, ఏది విరిగిందో చూసి, మళ్ళీ వెనక్కి మార్చి, అలా నేర్చుకుంది. ఇప్పుడు నలభై తొమ్మిదేళ్ళు. సువా పక్కన నసినులో చెల్లెలి ఇంట్లో ఉంటుంది. పెళ్ళి చేసుకోలేదు. ఆ సంగతి అడిగినవాళ్ళకి, కోడ్ రాసేవాళ్ళు దొరికారు గానీ కోపం భరించేవాళ్ళు దొరకలేదు అంటుంది.

ఆమె పుట్టిన ఊరు వైనిదోవు. లౌ దీవుల్లో ఒక చివర. ఓడ రెండు వారాలకి ఒకసారి వస్తుంది. అక్కడ ఊరి పెద్ద పోనిపాతె, ఆమె మేనమామ కొడుకు, వరసకి బావ. వాళ్ళ మధ్య మంచి మాట ఎప్పుడూ నేరుగా నడవదు. వెక్కిరింపు లేకపోతే ఎవరో చనిపోయారని అర్థం.

నోట్ వచ్చిన వారానికి అతను ఫోన్ చేశాడు. బడి వెనక గుట్ట ఎక్కితే తప్ప సిగ్నల్ దొరకదు కాబట్టి అతని మాటల మధ్య గాలి ఎక్కువగా వినిపించింది.

"మరదలా, మీ ఆఫీసువాళ్ళు నాకు ముసలితనం వచ్చిందని పేజీ పైన పచ్చరంగులో రాశారు."

"నీకు కాదు బావా, నీ ముందున్న కంప్యూటర్‌కి."

"దానికి పన్నెండేళ్ళు, నాకు యాభై ఏడు. దానికే నోటీసు ఇచ్చారంటే నన్ను ఎప్పుడో పూడ్చి ఉండాలి."

రొనీల్ పేజీ పైన పెట్టించిన పసుపుపచ్చ పట్టీ అది. మీ బ్రౌజర్ పాతది, ఇక్కడ నొక్కి కొత్తది తెచ్చుకోండి అని ఉంటుంది. పోనిపాతె చెప్పినట్టే నొక్కాడు. పొద్దున ప్రార్థన అయ్యాక మొదలుపెడితే మధ్యాహ్నందాకా చక్రం తిరుగుతూనే ఉంది. తర్వాత సౌర బ్యాటరీ అయిపోయింది. ఆ రోజు ఓడెక్కేవాళ్ళ జాబితా పంపలేకపోయాడు. మర్నాడు పంపాడు. ఇదంతా నవ్వుతూనే చెప్పాడు గానీ, చివర్లో ఒక్క మాట మామూలు గొంతుతో అడిగాడు. జూలైలో ఆ పేజీ ఉంటుందా, ఉండదా?

ఉంటుంది అని ఆమె అనేసింది. ఫోన్ పెట్టేశాక ఏ అధికారంతో అన్నదో ఆలోచించుకుంది.

వైనిదోవులో ఓడ సీటు ఎవరికి వాళ్ళు తీసుకునేది కాదు. సోమవారం ఊరంతా కూర్చుంటారు. ఆసుపత్రికి పోవలసినవాళ్ళు ముందు, తర్వాత బడి పిల్లలు, ఆ తర్వాత చాపలూ కవా వేళ్ళ మూటలూ అమ్ముకునేవాళ్ళు. ఎవరు ఆగాలో, ఎవరు పోవాలో అక్కడే తేలుతుంది. తేలిన పేర్లన్నీ పోనిపాతె ఒక్కడే కూర్చుని కొట్టి, ఊరి కార్డుతో డబ్బు కడతాడు. ఎప్పుడో ఒక చర్చి సంఘం ఇరవై ఒక్క ఊళ్ళకి ఇరవై ఒక్క కంప్యూటర్లు, వాటికి నత్తనడక ఇంటర్నెట్ లైన్లు పంచింది. అన్ని చోట్లా జరిగేది ఇదే. వాటిలో ఉన్నది ఆ బ్రౌజరే. ఆ కంప్యూటర్లు ఇంతకన్నా కొత్తదాన్ని మోయలేవు.

గురువారం మీటింగ్‌లో ఆమె ఇవన్నీ చెప్పింది. రొనీల్ ఓపికగా విన్నాడు. అతను ముప్ఫై ఒక్కేళ్ళవాడు, లబాసా పట్నం నుంచి వచ్చినవాడు, పని తెలిసినవాడు. అది కూడా ఆమెకి కోపమే. తెలివితక్కువవాడైతే గెలవడం తేలిక. అతను అడిగిన వాటిలో ఒక్కటీ అన్యాయం కాదు. కార్డు చెల్లింపులు చూసే సంస్థ పాత బ్రౌజర్లతో లావాదేవీలు ఇక ఒప్పుకోబోమని ఉత్తరం పంపింది. అందులో దొంగలు దూరే కన్నాలు ఎన్నో, వాటిని పూడ్చేవాళ్ళు ఈ లోకంలో లేరు. రేపు ఎవరి కార్డయినా పోతే బాధ్యత కంపెనీదే. పైగా వరనిసేసే రోజుల్లో సగం దానికే పోతుంటే కొత్త సైట్ ఎప్పటికి పూర్తవుతుంది?

"అక్కా, నిన్నటిదాకా దాన్ని చావమని తిట్టింది మీరే," అన్నాడు.

"నేను తిడతాను. పదకొండేళ్ళు దానికి చాకిరీ చేశాను కాబట్టి తిడతాను. నువ్వు దాన్ని ఒక్కసారైనా తెరిచి చూశావా?"

అతను కాగితం ఒకటి డైరెక్టర్ తరైవిని ముందుకి జరిపాడు. గత నెల వెబ్‌సైట్‌కి వచ్చినవాళ్ళు పదకొండు వేల నాలుగు వందలు. పాత బ్రౌజర్ నుంచి వచ్చినవాళ్ళు తొంభై ఏడు. నూటికి ఒక్కరు కూడా లేరు.

తరైవిని మాట్లాడేది తక్కువ. కళ్ళజోడు తీసి, ఊళ్ళకి కొత్త కంప్యూటర్ల కోసం ఎవరినైనా అడగవచ్చు కదా అంది. మూడేళ్ళలో మూడుసార్లు అడిగారని వరనిసేసే చెప్పింది. ఊళ్ళో కుర్రవాళ్ళ దగ్గర ఫోన్లు ఉంటాయి కదా, గుట్ట ఎక్కి ఎవరి సీటు వాళ్ళు తీసుకోవచ్చు కదా అంది. అప్పుడు గుట్ట ఎక్కగలిగినవాళ్ళే ఓడెక్కుతారని, కళ్ళు కనపడక ఆసుపత్రికి పోవలసిన ముసలమ్మ ఒడ్డున నిలబడి చూస్తుందని వరనిసేసే అంది. ఆ మాట అనవలసినదానికన్నా గట్టిగా వచ్చింది. తరైవిని కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, నీ బాధ అర్థమైంది, కానీ తొంభై ఏడు మంది కోసం పదకొండు వేల మందిని ప్రమాదంలో పెట్టలేను అంది. తారీఖు ఖాయమైంది.

వరనిసేసే సాయంత్రం బస్సులో నిలబడి వెళుతూ ఆ తొంభై ఏడుని నమలసాగింది. ఎక్కడో తేడా ఉంది. ఇరవై ఒక్క ఊళ్ళు. ఒక్క వైనిదోవు జాబితాలోనే ఒక్కో ఓడకి ముప్ఫై ఎనిమిది, నలభై పేర్లు ఉంటాయి. ఆ అంకె ఎక్కడ తయారైందో వెతికి, రొనీల్ మొహాన పడేయాలని శుక్రవారం అందరికన్నా ముందే ఆఫీసుకి వచ్చింది.

అతను సర్వర్‌లో ఉన్న లెక్కనే తీసుకున్నాడు. తప్పు చేయలేదు. ఆ లెక్కని పుట్టించే కోడ్ తెరిచి చూస్తే, మొదటి వరసలో తన పేరే ఉంది. తారీఖు పదేళ్ళ కిందటిది.

చూడగానే గుర్తుకొచ్చింది. అప్పట్లో దీవుల లైను మాటిమాటికీ తెగిపోయేది. ఒక పేజీ కోసం ఒక్క కంప్యూటర్ పదిహేనుసార్లు తట్టేది. లెక్క ఉబ్బిపోతోందని అప్పటి మేనేజరు విసుక్కుంటే, ఆమె ఒక కంప్యూటర్‌ని రోజుకి ఒక్కసారే లెక్కించేలా మార్చింది. సువాలో ఒక్కో మనిషికీ ఒక్కో ఫోను. ఓడ ఎప్పుడని ఊరికే చూసి మూసేసినా ఒకటే. వైనిదోవులో పోనిపాతె పొద్దుటినుంచి కూర్చుని ముప్ఫై ఎనిమిది మందిని కొట్టినా ఒకటే. ఆ ఊళ్ళో పుట్టి, ఆ సోమవారాల్లో చాపమీద కూర్చుని పెరిగిన మనిషి ఆ వరస రాసింది. రాసి పదేళ్ళపాటు మరిచిపోయింది.

ఆమె టికెట్ల వరసలు తీసింది. ప్రతి టికెట్ వెనకా అది ఏ బ్రౌజర్ నుంచి వచ్చిందో ఉంటుంది. గత నెల అమ్మిన టికెట్లు రెండు వేల రెండు వందల అరవై. పాత బ్రౌజర్ నుంచి వచ్చినవి ఏడు వందల నలభై రెండు. దాదాపు మూడో వంతు.

ఆ అంకె చూసి ఆమెకి గెలిచినట్టు అనిపించలేదు. తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. టీ పెట్టుకుని, తాగకుండా వదిలేసింది. రొనీల్ వచ్చి పలకరిస్తే తల ఎత్తలేదు. కోడ్‌ని చప్పుడు చేయకుండా సరిదిద్దేసి, లెక్కలో ఏదో లోపం ఉంది, ఇదిగో అసలుది అని చెప్పవచ్చు. ఎవరూ తవ్వి చూడరు. కొత్త సైట్ పనికి పెద్దగా ఆమెనే పెడతారని ఆఫీసంతా అనుకుంటున్న రోజులు కూడా అవి. శనివారం, ఆదివారం ఆ ఆలోచనని వెంటేసుకుని తిరిగింది. చర్చిలో పాట మధ్యలో చెల్లెలు మోచేత్తో పొడిచి, నోరు కదుపు, అందరూ చూస్తున్నారు అని గొణిగింది.

సోమవారం రెండు కాగితాలు పట్టుకుని తరైవిని గదికి వెళ్ళింది. రొనీల్‌ని కూడా పిలవమంది. టికెట్ల అంకె ముందు చెప్పింది. ఆ తర్వాత రెండో కాగితం పెట్టి, వచ్చినవాళ్ళ లెక్క తప్పడానికి కారణం తను రాసిన ఈ వరస అని చెప్పింది.

తరైవిని, పదేళ్ళుగా మనం బోర్డుకి చూపించిన అంకెలన్నీ ఇవేనా అని అడిగింది. అవునంది. ఓడలు ఏ రోజు ఏ దీవికి పోవాలో వీటిని చూసే నిర్ణయించామా? అవునంది. ఆ జవాబు చెబుతున్నప్పుడే వరనిసేసేకి ఇంకొకటి తెలిసింది. నాలుగేళ్ళ కిందట వైనిదోవుకి వారానికి ఒకసారి పోయే ఓడ రెండు వారాలకి ఒకసారి అయింది. గిరాకీ లేదని అప్పుడు అన్నారు. ఆ రోజు కూడా ఆమె ఆఫీసు మీద మండిపడింది.

రొనీల్ ఆ వరస చదివి, కాగితం ఆమెకి తిరిగి ఇచ్చాడు. కార్డు సమస్య మాత్రం అలాగే ఉంది అక్కా అన్నాడు, మొహమాటంగా. అది తెలుసని ఆమె అంది. ఒక ఒట్టి పేజీ కట్టి తెచ్చింది. బొమ్మల్లేవు, రంగుల్లేవు, కార్డు లేదు. ఓడ పేరు, తారీఖు, పేర్లు రాయడానికి నలభై గళ్ళు, అడుగున ఒక బటన్. ఏ బ్రౌజర్‌లోనైనా తెరుచుకుంటుంది. డబ్బు సువా జెట్టీలో దిగేటప్పుడు కడతారు. దొంగిలించడానికి అందులో ఏమీ ఉండదు.

రొనీల్ దాన్ని అటూ ఇటూ తిప్పి, విరగ్గొట్టాలని చూశాడు. విరగలేదు. ఒప్పుకున్నాడు.

తరైవినికి నచ్చనిది వేరే. ముందుగా డబ్బు కట్టనివాళ్ళు పేర్లు రాసి రాకపోతే? ఖాళీ సీట్లతో ఓడ నడపాలా? ఒక షరతు పెట్టింది. జూలై మొదటి ఓడకి వైనిదోవు జాబితా ఈ పేజీ మీద రావాలి. జెట్టీలో రొనీల్ నిలబడి లెక్కపెట్టాలి. జాబితా అంతా దిగితే పేజీ ఉంటుంది. లేకపోతే తీసేస్తారు. పాత లెక్కల తప్పు గురించి బోర్డుకి రాసే రిపోర్టు మీద వరనిసేసే సంతకం పెట్టాలి. కొత్త సైట్ పని రొనీల్ చూస్తాడు.

వరనిసేసే సంతకం పెట్టింది. కలం మూత పెట్టి, అప్పుడు మాట్లాడింది.

"సువావాళ్ళు ప్రతి ఓడకీ పది సీట్లు ఖాళీ వదులుతారు మేడమ్. వాళ్ళ ఫోన్లు తీసేస్తామని ఎవరమూ అనం. వీళ్ళు మాత్రం ఒక్కరు తగ్గకుండా వచ్చి మనుషులమని నిరూపించుకోవాలి."

తరైవిని కాదనలేదు. షరతు కూడా మార్చలేదు.

పోనిపాతెకి ఫోన్‌లో చెప్పడం ఇంకా కష్టమైంది. తప్పు తనదని చెప్పినప్పుడు అతను ఏదో ఒక వెక్కిరింపు వేస్తాడని, తనూ ఎదురు తిట్టి తేలికపడవచ్చని ఎదురుచూసింది. అతను వేయలేదు. ఒక్కరు తగ్గినా పోతుందా అని మాత్రం అడిగాడు. పోతుందంది. సరే అన్నాడు. జూలై మొదటి సోమవారం జాబితా ఒట్టి పేజీ మీద వచ్చింది. ముప్ఫై ఎనిమిది పేర్లు. మొదటి పేరు లొసాలిని అనే ముసలామెది, కంటి ఆసుపత్రికి.

గురువారం పొద్దున వాలు బేలో సన్నగా వాన. ఓడ ఇరవై గంటలు ప్రయాణించి వచ్చింది. చాపల చుట్టలు, చేమదుంపల బుట్టలు, కాళ్ళు కట్టిన రెండు పందులు ముందు దిగాయి. ఆ తర్వాత వైనిదోవు వాళ్ళు ఒక వరసలో వచ్చారు. సీటు చీటీలు చేతుల్లో పట్టుకుని, చర్చికి వచ్చినట్టు దిగుతున్నారు. ఎవరో చెప్పి పంపి ఉంటారు. రొనీల్ గొడుగు కింద నిలబడి ఒక్కొక్కరికీ ఒక్కో గీత గీస్తున్నాడు. పక్కనే గుమాస్తా డబ్బు తీసుకుంటున్నాడు.

ముప్ఫై ఏడో మనిషి దిగాక కాసేపు ఎవరూ రాలేదు. ఆ తర్వాత పోనిపాతె వచ్చాడు.

చెప్పుల్లేవు. చేతిలో సంచీ లేదు. చేపలకి పోయేటప్పుడు వేసుకునే చిరిగిన చొక్కా, నడుముకి తడిసిన సులు గుడ్డ. డబ్బు కట్టి, చీటీ ఇచ్చి, రొనీల్‌కి తల వంచి నమస్కరించాడు. రొనీల్ ముప్ఫై ఎనిమిదో గీత గీశాడు.

"సరిపోయింది అక్కా," అన్నాడు. అతని మొహంలో నిజంగానే సంతోషం ఉంది.

వరనిసేసే బావని పక్కకి లాగింది. లొసాలిని ఎక్కడ అని అడిగింది. మోకాళ్ళు పట్టేశాయి, పడవ దాకా వచ్చి, ఎక్కనని ఇసకలో కూర్చుండిపోయింది అన్నాడు. అప్పటికే అక్కడ ఓడ కూత వేస్తోందట. ఇంకొకరిని ఇంటికి పంపి మూట కట్టించే టైం లేకపోయిందట.

"సువాలో నీకేం పని?"

"ఏం లేదు. నిన్ను చూసి చాలా రోజులైంది. ఇంకా లావయ్యావు."

"నవ్వకు బావా. మళ్ళీ ఓడ పద్నాలుగు రోజులకి."

"నీ ఇంట్లో చాప ఉందిగా."

అతని పెదవులు చలికి నీలంగా ఉన్నాయి. రాత్రంతా డెక్ మీద ఆ చొక్కాతోనే కూర్చుని ఉంటాడు. ఎవరో ఒక గదిలో కూర్చుని పెట్టిన షరతుకి, యాభై ఏడేళ్ళ మనిషి వేసుకున్న బట్టలతో సముద్రం మీదికి దూకాడు. వరనిసేసే తిన్నగా రొనీల్ దగ్గరికి నడిచింది. వెనక పోనిపాతె, వద్దు, ఊరుకో అని మెల్లగా అంటూనే ఉన్నాడు.

ముప్ఫై ఎనిమిది కాదని చెప్పింది. జాబితాలో ఉన్న లొసాలిని రాలేదు, సీటు ఖాళీ పోకూడదని ఊరి పెద్ద ఎక్కాడు. నువ్వు గీసిన చివరి గీత ఆమెది కాదు, ఇతనిది. ఇంకొక తప్పు లెక్క మీద నా సంతకం ఉండదు. ఇదంతా ఒక్క ఊపిరిలో అనేసింది.

రొనీల్ ఆమెని చూశాడు. తర్వాత పోనిపాతె పాదాల్ని చూశాడు. నాకెందుకు చెప్పారు అన్నాడు, కోపంగానే. చెప్పకపోతే అయిపోయేది కదా.

"ఎప్పుడూ అలాగే అయిపోతుంది," అంది.

అతను వానలో కాగితాన్ని గొడుగు కర్రకి ఆనించి పట్టుకుని రాశాడు. పేర్లు ముప్ఫై ఎనిమిది. వచ్చినవారు ముప్ఫై ఏడు. ఒక సీటు కోసం ఊరి పెద్ద స్వయంగా పనులు వదిలి వచ్చారు, తిరిగి వెళ్ళడానికి రెండు వారాలు ఆగాలి. రాసింది ఆమెకి చూపించి, దీన్ని చదివి మేడమ్ పేజీ తీసేస్తానంటే, మిగతా ఊళ్ళ నుంచి ఇలాంటి మనుషుల్ని ఎంతమందిని రప్పిస్తారో అడుగుతాను అన్నాడు.

అతను అడిగాడో లేదో వరనిసేసేకి తెలియదు. సోమవారం తరైవిని రాసిన రెండు వాక్యాల ఉత్తరం మాత్రం వచ్చింది. ఒట్టి పేజీ కొనసాగుతుంది, ఇరవై ఒక్క ఊళ్ళకీ. జెట్టీలో లెక్కపెట్టడం ఇక అవసరం లేదు. ఓడని మళ్ళీ వారానికి ఒకసారి పంపే సంగతి అందులో లేదు. వరనిసేసే ఆ ఉత్తరం వెనక్కి తిప్పి, అదే విషయం అడుగుతూ అప్పటికప్పుడు రాయడం మొదలుపెట్టింది.

ఆ వేళకి పోనిపాతె నసినులో చెల్లెలి ఇంటి ముందు, అరువు చెప్పులతో కూర్చుని, ఎవరికీ పనికిరాని ఒక గేటు బాగుచేస్తున్నాడు.